లెక్కలోకి రాని చెవుడు

పుంగనూరు, మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో బోరు వేయించడమంటే ఊరంతటికీ తెలిసే పని. పొద్దు వాలాక లారీ మీద రిగ్గు వస్తుంది, వెనకాలే కంప్రెసర్ బండి వస్తుంది. పాయింటు చూసిన చోట పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి మొదలుపెడితే తెల్లారుజాము దాకా మోత ఆగదు. రాతి నేల ఇది. వెయ్యి అడుగులు దిగినా చెమ్మ తగలని చోట్లు ఈ పడమటి మండలాల్లో కొత్త కాదు. రైతు, ఆయన ఇంటివాళ్లు, ఇరుగుపొరుగు దూరంగా గట్టు మీద కూర్చుని, పైకి లేచే దుమ్ము పొడిగా ఉందా, తడిగా ఉందా అని చూస్తుంటారు. రాడ్డు వెంట రాడ్డు బిగించే కుర్రాళ్లు మాత్రం రిగ్గుకు ఒక్క అడుగు దూరంలో నిలబడతారు. రిగ్గుల వ్యాపారానికి పేరుమోసింది తమిళనాడులోని తిరుచెంగోడు. వాటి మీద పనిచేసే కుర్రాళ్లలో చాలామంది ఒడిశా, ఛత్తీస్‌గఢ్ లాంటి చోట్ల నుంచి వస్తారు. తలకు తువ్వాలు, ముక్కుకు గుడ్డ చుట్టుకుంటారు. చెవులకు ఏమీ ఉండదు. ఒకరికొకరు చేతి సైగలతోనే చెప్పుకుంటారు, ఎందుకంటే పక్కనే నిలబడి అరిచినా వినపడదు.

ఒక మీటరు దూరంలో ఉన్న మనిషికి గొంతు పెంచి చెప్పాల్సి వస్తోందంటే అక్కడి మోత సుమారు 85 డెసిబెల్స్ దాటి ఉంటుందని వృత్తి ఆరోగ్య నిపుణులు చెప్పే మోటు గుర్తు. ఈ గుర్తు మనసులో పెట్టుకుని ఈ ప్రాంతం ఒకసారి తిరిగితే మోతలోనే బతుకు వెళ్లదీసే పనులు ఎన్నో కనిపిస్తాయి. కుప్పం వైపు గ్రానైట్ క్వారీల్లో జాక్‌హామర్లు, దిమ్మెల్ని పలకలుగా కోసి మెరుగుపెట్టే యూనిట్లు ఉన్నాయి. గుట్టల పక్కన కంకర మిషన్లున్నాయి. మదనపల్లె, పుంగనూరు రోడ్ల వెంట గ్రిల్స్ కోసే, లారీల బాడీలు కట్టే షెడ్లున్నాయి. మదనపల్లెలో పట్టుచీరల నేతకు పేరుపడ్డ నీరుగట్టువారిపల్లెలో చేనేత మగ్గాల నడుమ మరమగ్గాలూ చేరాయి. వీటిలో పనికి చేరే ముందు చెవి పరీక్ష చేయించుకున్న మనిషి దొరకడం చాలా అరుదు. మోత వల్ల వచ్చే చెవుడును మన చట్టాలు ఎప్పుడో వృత్తి వ్యాధిగా ఒప్పుకున్నాయి. పనిచేసేవాడి చెవిని మాత్రం కొలిచేవాళ్లు లేరు. కొలవనిది జబ్బు కిందికి రాదు, జబ్బు కానిదానికి పరిహారమూ ఉండదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ముందు చెవిలో ఏం జరుగుతుందో చూడాలి. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కోక్లియా ఉంటుంది. అందులో సుమారు 15 వేల సూక్ష్మ కణాలు, వాటి తలల మీద సన్నటి రోమాలు ఉంటాయి. శబ్ద కంపనాలను నరాలు అందుకునే సంకేతాలుగా మార్చేవి ఇవే. పెద్ద మోతలో కొన్ని గంటలు గడిపితే ఇవి సొమ్మసిల్లుతాయి. అందుకే షిఫ్టు దిగి ఇంటికొచ్చాక చెవుల్లో గుయ్యిమంటుంది, టీవీ సౌండు పెంచాలనిపిస్తుంది. తెల్లారేసరికి మళ్లీ మామూలవుతుంది. రోజూ ఇదే జరిగితే కొన్ని కణాలు చచ్చిపోతాయి. మనిషిలో ఇవి ఒకసారి పోతే తిరిగి పుట్టవు. దీనికి మందు లేదు, ఆపరేషనూ లేదు. ‘మొదట్లో కష్టంగా ఉండేది, ఇప్పుడు అలవాటైపోయింది’ అని మోత పని చేసేవాళ్లు అంటుంటారు. చెవి మోతకు అలవాటు పడదు. ఆ మోతను పట్టుకునే శక్తి తగ్గినందుకే అది అంత బాధించడం లేదు.

ఈ నష్టం మొదట తాకేది 4000 హెర్ట్జ్ దగ్గరి సన్నటి ధ్వనులను. మాటలో అచ్చుల బరువంతా కింది స్థాయి ధ్వనుల్లో ఉంటుంది. స, శ, చ, క, త, ప లాంటి హల్లులను విడదీసి గుర్తుపట్టడానికి పైస్థాయి ధ్వనులు కావాలి. అందుకని చెవుడు మొదలైనవాడికి గొంతు వినపడుతూనే ఉంటుంది. కానీ ఎదుటివాళ్లు పాలు అన్నారో, కాలు అన్నారో, చాలు అన్నారో తేలదు. తనకు చెవుడొచ్చిందని అతను అనుకోడు, వీళ్లే సరిగ్గా మాట్లాడటం లేదనుకుంటాడు. పిలిస్తే పలకడని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. పెళ్లిలో, బస్టాండులో, నలుగురు చేరిన రచ్చబండ దగ్గర అతనికి మాటలన్నీ కలగాపులగంగా వినపడతాయి. మెల్లగా అలాంటి చోట్లకు వెళ్లడమే మానేస్తాడు. నడివయసులో వచ్చే వినికిడి లోపం ముసలితనంలో మతిమరుపు వ్యాధికి దారితీసే కారణాల్లో ముఖ్యమైనదని, దాన్ని నివారించవచ్చని లాన్సెట్ కమిషన్ 2017 నుంచి చెబుతూనే ఉంది. ప్రపంచంలో పెద్దల వినికిడి లోపంలో సుమారు 16 శాతానికి పనిచేసే చోటి మోతే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున జరిగిన అంచనా.

డెసిబెల్ లెక్క మామూలు కూడికల లెక్క కాదు. మూడు డెసిబెల్స్ పెరిగితే చెవి మీద పడే శబ్ద శక్తి రెట్టింపవుతుంది. దీన్ని బట్టి అమెరికాలోని వృత్తి భద్రత, ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ 85 డెసిబెల్స్‌కు ఎనిమిది గంటలు, 88కి నాలుగు గంటలు, 91కి రెండు గంటలు అని హద్దులు చెప్పింది. 100 డెసిబెల్స్ దగ్గర ఆ హద్దు పావుగంటే. మన ఫ్యాక్టరీల నమూనా నిబంధనలు మాత్రం ఎనిమిది గంటలకు 90 డెసిబెల్స్‌ను హద్దు చేశాయి, ఆ పైన ప్రతి ఐదు డెసిబెల్స్‌కు సమయాన్ని సగం చేశాయి. ఆ లెక్కన 100 డెసిబెల్స్ మోతలో రెండు గంటలు ఉండొచ్చు. అక్కడ పావుగంట, ఇక్కడ రెండు గంటలు! ఎనిమిది రెట్ల తేడా. మనవాళ్ల చెవి వాళ్ల చెవికంటే ఎనిమిది రెట్లు గట్టిదని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

ఈ సడలించిన హద్దు కూడా ఎనిమిది గంటల పనికే. నాడె అటూ ఇటూ కొట్టుకునే పాతరకం మరమగ్గాల షెడ్డులో మోత సాధారణంగా 95 నుంచి 105 డెసిబెల్స్ మధ్య ఉంటుంది. సిరిసిల్లలో సాంచాలు అనే ఈ మగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టు మామూలు. ఉమ్మడి చిత్తూరు జిల్లా తూర్పున నగరి, పుత్తూరుల్లోనూ వేల కుటుంబాల బతుకు ఈ మరమగ్గాల మీదే నడుస్తోంది. పన్నెండు గంటలు పనిచేసేవాడికి మన పాత లెక్కలోనే హద్దు 90 నుంచి 87కు దిగిపోవాలి. 2025లో రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజువారీ పని పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. పెట్టుబడుల గురించి, ఓవర్‌టైమ్ గురించి అప్పుడు చాలా చర్చ జరిగింది. పెరిగిన ఆ గంటకు తగ్గట్టు మోత హద్దు తగ్గించాలా వద్దా అన్న ప్రశ్న ఆ చర్చలో పైకి రాలేదు. గంటలు పెంచేవాళ్లు డెసిబెల్స్ తగ్గించే బాధ్యత కూడా తీసుకోవాలి.

ఈ జబ్బు కొత్తదేమీ కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జినీ 1700లో అచ్చయిన తన గ్రంథంలో వెనిస్‌లో రాగి పాత్రలు కొట్టే పనివాళ్లు చెవిటివాళ్లవుతున్నారని రాశాడు. రోగిని అడిగే ప్రశ్నల్లో ‘నువ్వేం పని చేస్తావు’ అన్నది కూడా చేర్చాలని వైద్యులకు చెప్పింది ఆయనే. గ్లాస్గోలో థామస్ బార్ 1886లో బాయిలర్లు తయారుచేసే వందమంది చెవులు పరీక్షించాడు. వాళ్లలో ఒక్కరికీ మామూలు వినికిడి లేదు. లాంకషైర్ బట్టల మిల్లుల్లో ఆడవాళ్లు మగ్గాల మోతలో పెదవుల కదలికలను బట్టి మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. ఆ మిల్లులు మూతపడ్డాక కూడా వాళ్లకు ఆ అలవాటు పోలేదు. స్కాట్లండ్‌లోని డండీలో జనపనార నేతగాళ్ల మీద 1965లో వెలువడిన పరిశోధన, ఈ నష్టంలో ఎక్కువ భాగం పనిలో చేరిన మొదటి పది పదిహేనేళ్లలోనే జరిగిపోతుందని తేల్చింది. మన విధానాలకు ఇది చాలా ముఖ్యమైన సంగతి. నలభై దాటినవాళ్లకు ఏడాదికోసారి ఉచిత ఆరోగ్య పరీక్ష అని కొత్త లేబర్ కోడ్‌లు గొప్పగా చెబుతున్నాయి. ఇరవై ఏళ్లకు మగ్గమెక్కిన కుర్రాడికి నలభై వచ్చేసరికి చెవి పోవాల్సినంతా పోయి ఉంటుంది.

చట్టం సంగతికొస్తే, 1923 నాటి పరిహార చట్టం, 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం రెండింటి షెడ్యూళ్లలోనూ మోత వల్ల వచ్చే వినికిడి లోపం ఉండేది. ఫ్యాక్టరీల చట్టం దాన్ని తప్పనిసరిగా కబురు చేయాల్సిన వ్యాధుల్లో చేర్చింది. అంటే అలాంటి కేసు చూసిన డాక్టరు ఫ్యాక్టరీల తనిఖీ విభాగానికి రాసి పంపాలి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ కూడా ఈ వ్యాధిని జాబితాలో ఉంచింది. క్వారీల విషయంలో గనుల భద్రతా డైరెక్టరేట్ 1975లోనే 85 డెసిబెల్స్‌ను హెచ్చరిక గీతగా, 90ని ప్రమాద గీతగా ప్రకటించింది. కాగితం మీద ఇన్ని ఉన్నా, ఈ చెవుడుకు దేశంలో తొలి పరిహారం అందింది 1996లోనని వృత్తి ఆరోగ్య పరిశోధకులు నమోదు చేశారు. ఈఎస్‌ఐ చట్టం వచ్చిన 48 ఏళ్లకు! అదీ ముంబైలో. అక్కడ కార్మికులు, వాళ్లకు తోడు నిలిచిన వైద్యులు చెవి పరీక్షల కాగితాలు పట్టుకుని తిరిగి సాధించుకున్నారు.

మదనపల్లెలో మరమగ్గం నడిపే మనిషి ఆ దారిలో ఎందుకు వెళ్లలేడో చూడండి. చిన్న షెడ్డులో నాలుగు మగ్గాలు, ఇద్దరో ముగ్గురో పనివాళ్లు. ఈఎస్‌ఐ వర్తించాలంటే పదిమంది ఉండాలి. పాత చట్టం ప్రకారం కరెంటు వాడేచోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అయ్యేది. కొత్త కోడ్ ఆ సంఖ్యను 20కి పెంచింది. పనివాళ్లు తగ్గితే మోత తగ్గదు. నాలుగు మగ్గాలు ఇరుకు గదిలో, రేకుల కప్పు కింద ఆడితే వచ్చే మోత నలభై మగ్గాల విశాలమైన షెడ్డు మోతకు పెద్దగా తీసిపోదు. మనుషుల సంఖ్యను బట్టి చట్టం వర్తించే పద్ధతి గాయాలకూ, ప్రమాదాలకూ కొంత సరిపోతుందేమో, మోతకు అసలు సరిపోదు. పాత ఫ్యాక్టరీల చట్టంలో 85వ సెక్షన్ ఉండేది. ఎంతమంది పనిచేస్తున్నా ఒక చోటును ఫ్యాక్టరీగా ప్రకటించే అధికారం దాని ద్వారా రాష్ట్ర ప్రభుత్వానికి ఉండేది, సొంత కుటుంబంతో నడుపుకునేవాటికి తప్ప. మరమగ్గాలు, రాతి కోత లాంటి పనులకు మోత స్థాయిని బట్టి చట్టం వర్తించేలా కొత్త కోడ్ కింద నిబంధనలు రాసుకోవాలి. రాష్ట్రం ఆ పని ఇప్పుడే చేయకపోతే తర్వాత పట్టించుకునేవాళ్లు ఉండరు.

ఇల్లే షెడ్డయిన చోట సమస్య ఇంకా లోతుగా ఉంది. ముందు గదిలో మగ్గం, వెనక గదిలో వంట. మగ్గం నడిపేది భర్త అయితే, కండెలు చుట్టేది భార్య. ఆమెకు షిఫ్టు దిగడమంటూ ఉండదు. ఉయ్యాల్లోని పసిబిడ్డ చెవికీ అదే మోత. శబ్ద కాలుష్య నియంత్రణకు 2000లో కేంద్రం తెచ్చిన నిబంధనలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదంటాయి. పక్కింటివాడు ఆ నిబంధన పట్టుకుని ఫిర్యాదు చేయొచ్చు. గోడకు ఇవతల మగ్గం పక్కనే కూర్చున్నవాళ్లను మాత్రం ఏ నిబంధనా కాపాడదు.

వికలాంగుల పింఛను ఉంది కదా అంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ మాట స్థాయి ధ్వనుల్లో 60 డెసిబెల్స్ నష్టం ఉంటేనే వినికిడి లోపం ఉన్నవాడిగా గుర్తిస్తారు. మోత చెవుడు మొదట పైస్థాయి ధ్వనులను తినేస్తుంది కాబట్టి, నలుగురిలో మాట అర్థంకాని స్థితికి వచ్చిన కార్మికుడు కూడా ఈ కొలబద్ద ముందు ఆరోగ్యవంతుడిగానే నిలబడతాడు. నెలకు 6,000 రూపాయల పింఛను అతనికి అందదు. పరిహారం అడుగుదామంటే మోత వల్లే పోయిందని రుజువు చేయాలి. పనిలో చేరినప్పటి పరీక్ష లేదు కాబట్టి రుజువు లేదు. ఆస్పత్రికి వెళితే వయసు మీద పడిందని, నరాల బలహీనత అని మాట వస్తుంది. ‘ఏం పని చేస్తావు’ అన్న రమజ్జినీ ప్రశ్న మన ఓపీ చీటీల మీద ఇప్పటికీ కనిపించదు.

చెవులకు దూది పెట్టుకుంటున్నాం కదా అని కొందరు ధైర్యంగా ఉంటారు. దూది ఆపేది బహుకొద్ది. మెత్తటి ఫోమ్ ప్లగ్గు పది, ఇరవై రూపాయలకు దొరుకుతుంది. దాన్ని వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి లోపలికి దూర్చి, ఉబ్బేదాకా అరనిమిషం నొక్కిపట్టాలి. ఇలా పెట్టడం ఎవరూ నేర్పకపోతే కొనిచ్చినా లాభం లేదు. ప్లగ్గులను కార్మికులు ఇష్టపడకపోవడానికి ఒక న్యాయమైన కారణముంది. అనుభవజ్ఞుడైన నేతగాడు మగ్గాన్ని చెవితో నడుపుతాడు. పేక దారం తెగినా, నాడె సరిగ్గా పడకపోయినా చప్పుడులో తేడాతోనే కనిపెడతాడు. క్వారీలో పేలుడుకు ముందు కూసే సైరన్ వినపడకపోతే ప్రాణమే పోతుంది. కాబట్టి వాళ్లకు భద్రత పట్టదని కొట్టిపారేయడం తప్పు. ప్లగ్గు చివరి ఉపాయం కావాలి, మొదటిది కాకూడదు.

మోతను పుట్టేచోటే తగ్గించడం మొదటి ఉపాయం. నాడె దెబ్బ తగిలే చోట రబ్బరు, నైలాన్ బఫర్లు, మగ్గం కాళ్ల కింద రబ్బరు దిమ్మలు, వదులైన భాగాల బిగింపు, రేకుల కప్పు కింద శబ్దాన్ని పీల్చే పలకలు పెట్టాలి. ఇవేవీ కోట్ల ఖర్చులు కావు. జాక్‌హామర్‌కు మఫ్లర్ బిగించవచ్చు. ఆరుబయట దూరం రెట్టింపైతే మోత సుమారు ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది, అంటే చెవి మీద పడే శక్తి నాలుగో వంతవుతుంది. కంప్రెసర్ గొట్టం పొడవు పెంచి, బండిని మట్టిదిబ్బ వెనక నిలిపితే చాలు, రాయి తొలిచే మనిషి చెవికి ఒక పెద్ద మోత తప్పుతుంది. జనరేటర్లకు శబ్దాన్ని ఆపే పెట్టె తప్పనిసరి చేసి ఇరవై ఏళ్లు దాటింది. అమ్మేవాడి మీద నిబంధన పెట్టారు కాబట్టి అది అమలైంది. మరమగ్గాల ఆధునికీకరణకు రాయితీ ఇచ్చే ప్రభుత్వం మోత తగ్గింపును ఆ రాయితీకి షరతుగా పెట్టొచ్చు.

కొలత సంగతికి మళ్లీ వస్తాను, ఎందుకంటే మిగిలినవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. మదనపల్లె ప్రాంతానికి ఈ విషయంలో గర్వించదగ్గ చరిత్ర ఉంది. ఆరోగ్యవరం క్షయ ఆస్పత్రి వైద్యులు ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి, ఎక్స్‌రేలు తీసి, క్షయ ఎంతమందికి ఉందో లెక్కతీశారు. 1950-55 మధ్య జరిగిన ఆ సామూహిక అధ్యయనాన్ని డాక్టర్ ఫ్రిమొట్ మోలర్ 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రచురించారు. ఆస్పత్రికి వచ్చినవాళ్లను మాత్రమే చూస్తే జబ్బు ఎంత ఉందో తెలియదని గ్రహించి వాళ్లే ఊళ్లలోకి నడిచారు. ఎక్స్‌రే యంత్రాన్ని పల్లెకు మోసుకెళ్లగలిగిన చోట చేతిపెట్టె అంత ఉండే ఆడియోమీటర్‌ను మోసుకెళ్లలేమా? ఇటీవలి అనుభవమూ ఉంది. 2018లో తెలంగాణ, 2019లో ఆంధ్రప్రదేశ్ కంటివెలుగు పేరిట లక్షలాది కళ్లను పరీక్షించాయి. చెవులకు అలాంటి ప్రయత్నం జరగలేదు. బధిరత్వ నివారణకు కేంద్రం 2006-07 నుంచే ఒక జాతీయ కార్యక్రమం నడుపుతోంది. దాన్ని ఇక్కడి మగ్గాల షెడ్లకు, క్వారీలకు మళ్లించడం జిల్లా స్థాయిలో తీసుకోదగ్గ నిర్ణయమే.

ఎక్కడ మొదలుపెట్టాలో కూడా స్పష్టంగానే ఉంది. యాభై ఏళ్లు దాటిన చేనేత కార్మికులకు ప్రభుత్వం పింఛను ఇస్తోంది కాబట్టి వాళ్ల పేర్లు సచివాలయాల్లో ఉన్నాయి. మరమగ్గాలకు కరెంటు కనెక్షన్లున్నాయి, క్వారీలకు లీజులున్నాయి. బీపీ, షుగర్ కోసం ఇంటింటికీ వెళ్లే ఏఎన్‌ఎం మూడు ప్రశ్నలు ఎక్కువ అడిగితే సరిపోతుంది. ఏం పని చేస్తారు, పని దిగాక చెవుల్లో హోరు ఉంటుందా, నలుగురిలో మాట అర్థమవుతుందా? హోరు ఉందన్నవాళ్లను, మాట అర్థం కావడం లేదన్నవాళ్లను ఏరియా ఆస్పత్రికి పంపాలి. కుప్పంలో వైద్య కళాశాల ఉంది, దాని చెవి ముక్కు గొంతు విభాగాన్ని, సామాజిక వైద్య విభాగాన్ని ఇందులో చేర్చుకోవచ్చు.

పరీక్ష ఎప్పుడు చేయాలన్నది కూడా ముఖ్యం. మోతలోంచి నేరుగా తెచ్చి కూర్చోబెడితే తాత్కాలికంగా మొద్దుబారిన చెవి తప్పుడు లెక్క చూపిస్తుంది. కనీసం పద్నాలుగు గంటలు మోతకు దూరంగా ఉన్నాక, అంటే సెలవు మర్నాడు పొద్దున పనికి వెళ్లకముందు చేయాలి. ఆ పూట కూలి పోకుండా యజమానో, ప్రభుత్వమో చూడాలి. ఒక పూట కూలి వదులుకుని చెవి చూపించుకోమంటే ఎవరూ రారు. పరీక్ష కాగితాన్ని ఆస్పత్రి ఫైల్లో దాచకుండా కార్మికుడి చేతికే ఇవ్వాలి. దాని మీద పని పేరు, చేరిన సంవత్సరం, పరీక్ష తేదీ ఉండాలి. కుప్పం క్వారీలో ఐదేళ్లు చేసినవాడు రేపు హోసూరు ఫ్యాక్టరీలో చేరతాడు, ఆ తర్వాత బెంగళూరులో కట్టడాల దగ్గర డ్రిల్లింగ్ మిషన్ పడతాడు. ఏ యజమాని దగ్గర ఎంత వినికిడి పోయిందో తేల్చగలిగేది ఆ తేదీలున్న కాగితాలే.